నా గురి కుదిరిన రోజు

మా నాన్న సైన్యంలో పనిచేసి వచ్చి మాచర్లలో స్థిరపడ్డారు. నేను డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో ఉన్నప్పుడు, సైన్యంలో ఉన్నప్పటిలా మళ్లీ షూటింగ్ పోటీల్లో పాల్గొనాలన్న ఆశతో ఆయన లైసెన్సు మీద ఒక పాత బోల్టు రైఫిల్ కొన్నారు. ఫైరింగ్ రేంజిలో మొదటి రోజే ఆయన కాల్చిన తూటాలన్నీ చెల్లాచెదురుగా తగిలాయి.

"అమ్మినోడు దీన్ని సరిగ్గా చూసుకోలా," అంటూ నాన్న మరమ్మతుకు కూర్చున్నారు. గురి చూసే స్కోపుకు వదులైన స్క్రూలు బిగించారు. గొట్టం లోపల పేరుకున్న మసి తుడిచారు. చివరికి తూటాల రకం కూడా మార్చారు. అయినా గురి కుదరలేదు.

"ఏందో దీని రోగం! ఒకసారి నువ్వు కాల్చి చూడు తల్లీ," అని రైఫిల్ నాకిచ్చారు.

ఆయనలాగే ఇసుక మూట మీద ఆనించి కాల్చాను. తూటాలన్నీ రూపాయి బిళ్లంత చోటులోనే పడ్డాయి.

"నాన్నా, రైఫిల్ బాగైంది!" అని సంతోషంగా అరుస్తూ వెనక్కి తిరిగాను. నాన్న తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నారు. అయినా అది వణుకుతూనే ఉంది.

"అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఇంతేనమ్మా. రైఫిల్ పట్టుకుంటే ఆగుద్దనుకున్నా," అన్నారు మెల్లగా.

గుంటూరులో డాక్టరు అది నరాల జబ్బని చెప్పారు. నాన్న మళ్లీ రైఫిల్ ముట్టుకోలేదు.

తర్వాత నాకు పతకాలొచ్చాయి. అందరికంటే ముందు నాన్నే చప్పట్లు కొడతారు. కానీ ఆ రోజు నా తూటాలు కూడా గురి తప్పి ఉంటే, తప్పు రైఫిల్‌దేనని ఆయన ఇంకొన్నాళ్లు నమ్మేవారు కదా అని ఇప్పటికీ బాధపడతాను.