పచ్చబడిన మంచినీళ్ల చెరువు దాకా

ఈ ప్రయాణం మా చెల్లెలి భర్త, బావగారి ఫోనుతో మొదలైంది. "ఊరి మంచినీళ్ల చెరువు పచ్చబడిందండి. నాచు చావడానికి మైలుతుత్తం బస్తాలు తెప్పించాను. ఎంత చల్లాలో మీరొచ్చి చెబితే ఊళ్లోవాళ్లు నమ్ముతారు" అన్నాడు. బాపట్లలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నేనొచ్చేదాకా ఒక్క పలుకు కూడా చల్లొద్దని గట్టిగా చెప్పాను. అది మార్చి నెల. త్వరలో కాలువలు కట్టేస్తారు. ఆలోగా చెరువు నింపుకోకపోతే వేసవంతా ఆ ఊరికి తాగునీరు ఉండదు.

పొద్దున్నే బాపట్లలో పాసింజరెక్కి తెనాలిలో దిగాను. రేపల్లె వెళ్లేవాళ్లు అక్కడే టిఫిన్ చేయడం మంచిది, ఆ బండిలో వేరుశెనక్కాయలు తప్ప ఏమీ రావు. రేపల్లె బండిలో నా ఎదుటి సీట్లో ఖాళీ పాలక్యాన్లతో ఒకావిడ కూర్చుంది. నేను వెళ్లే ఊరి పేరు వినగానే, "ఆ చెరువు నీళ్లు తాగి దూడ చచ్చిపోయిందంట గదండి బాబాయిగారూ. ఆ ఊరి పాలు మేం కొనడం మానేశాం" అంది. ఆపైన నాకు కిటికీలోంచి చూడబుద్ధి కాలేదు.

రేపల్లెలో బస్సు మారి మధ్యాహ్నానికి ఊరు చేరాను. చెరువు చుట్టూ కొత్త కంచె మెరుస్తోంది. గేదెలు దిగకుండా వేయించారట. కంచె ఖర్చుకోసం చెరువులో చేపలు పెంచుకునే హక్కును వేలంపాట పెట్టారు. పాడుకున్నవాడు మా బావగారే. చేపలు ఎదగాలని కోళ్ల ఎరువు బస్తాలకు బస్తాలు గుమ్మరించాడు. గేదెల్ని ఆపబోయి, ఆ ఎరువు బలంతో పెరిగే ఈ పచ్చనాచును తెచ్చి పెట్టుకున్నారు. ఎలకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది వ్యవహారం.

సీసాతో నీళ్లు ముంచి బావ ఇంటి అరుగు మీద నీడలో పెట్టాను. భోజనానికి లేచేసరికి పచ్చదనమంతా మీగడలా పైకి తేలింది. అలా పైకి తేలే రకం నాచులో విషం ఉండొచ్చు.

"మందు చల్లితే తేటపడుతుంది గదండి" అన్నాడు బావ.

"తేటపడుతుంది. నాచు చచ్చి విషమంతా నీళ్లలోకి వదులుతుంది. తేటగా ఉన్నాయని అందరూ తాగుతారు."

"కాచి తాగితేనో?"

"కాచినా పోదు. చెరువు తోడించి, బురద తీయించి, కొత్త నీరు పెట్టండి. చేపలు అమ్మకూడదు, పాతిపెట్టించాలి."

బావ ముఖం మాడిపోయింది. నేను గ్లాసెత్తి నోటి దగ్గర ఆపాను. మా చెల్లెలు రాజ్యం నా చూపు కనిపెట్టింది.

"తాగన్నయ్యా, అవి చెరువు నీళ్లు కావు. రేపల్లె నుంచి ఈయన క్యాన్ తెప్పిస్తున్నారు. చెరువు నీళ్లు తాగిన పక్కింటి పిల్లకి వాంతులు. వాళ్లకి నా మొహం చూపించలేకపోతున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఊరంతటికీ క్యాన్లు తెప్పిస్తారా బావగారూ?" అన్నాను. ఆయన పళ్లెంలోంచి తలెత్తలేదు. నేను చెయ్యి కడుక్కుని సాయంత్రం బండికి బయల్దేరాను.

తిరుగు బండి మెత్తగా నడిచింది గానీ ఆ పళ్లెం దగ్గర వంగిన తలే కళ్లముందు మెదులుతోంది. తెనాలిలో బాపట్ల బండి కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. వెనకాల ఆయిలింజన్ల మోత.

"వినపడుతోందాండీ? నీళ్లు మురుక్కాలువలోకి తోడిస్తున్నాం. ఎరువు వేసింది నేనేనని పంచాయతీ దగ్గర చెప్పేశాను. తిట్టాల్సినవాళ్లందరూ తిట్టారు" అన్నాడు బావ.

తర్వాత రాజ్యం ఫోను అందుకుంది.

"అన్నయ్యా, ఇవాళ వచ్చిన క్యాను పక్కింట్లో దింపించాను. నేనే వెళ్లి ఆ పిల్లకి గ్లాసుతో పట్టాను."