మాస్టారు తీసేసిన రెండు పాయింట్ నాలుగు

ఆ పేటలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ బల్బుగాడే. ఇరవయ్యేళ్ళుగా ఇళ్ళలో వైరింగు చేస్తున్నవాడు, ఈమధ్య ఫోనుకీ మాటకీ వెలిగే స్మార్టు లైట్లు కూడా బిగిస్తున్నాడు. వైరులో తప్పుంటే టెస్టరు చెబుతుంది. ఈ వైఫైలో తప్పెక్కడుందో దేవుడు కూడా చెప్పడు. అందులోనూ లెక్కల మాస్టారింట్లో.

వారంలో మూడోసారి ఆ ఇంటి మెట్లెక్కుతుంటే బల్బుకి తల ప్రాణం తోకకొచ్చింది. మాస్టారి భార్య తుంటి విరిగి మంచం పట్టి నెలయింది. స్విచ్చేమో తలుపు దగ్గర, ఆవిడ మంచం కిటికీ దగ్గర. పొద్దుగూకితే ఆవిడ కేకెయ్యాలి, ముందుగదిలో అంకెల పజిళ్ళలో మునిగిపోయిన మాస్టారికి అది వినపడాలి, ఆ తర్వాత ఆయన లేవాలి.

"ఎవర్నీ పిలవకుండా నా లైటు నేనే వేసుకునేటట్టు చెయ్యి బాబూ" అని ఆవిడ అడిగిందొక్కటే. లైటు బిగించి, మంచం పక్కన మాట వినే చిన్న స్పీకరు పెట్టాడు. రెండుసార్లూ చక్కగా వెలిగింది. తను గేటు దాటిన గంటకే రెండుసార్లూ మొదటికొచ్చింది.

"నాసిరకం సరుకు తగిలించావురా," అన్నారు మాస్టారు. "ఎనిమిదో తరగతిలోనూ ఇంతే. జవాబు రాసేస్తావు, సరిచూసుకోవు."

ముప్పయ్యేళ్ళయినా ఆ మాట వదలరు. బల్బుకి ఒళ్ళు మండింది. పళ్ళు బిగబట్టి ఫోను తీశాడు. ఆ ఇంటి రౌటరు రెండు వైఫైలు చూపించాలి, పేరు చివర ఐదు అని ఒకటి, రెండు పాయింట్ నాలుగు అని ఒకటి. ఐదొక్కటే ఉంది.

"రెండోది ఏమైంది మాస్టారూ?"

"తీసేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు వెళ్ళిన ప్రతిసారీ. ఐదుండగా రెండు పాయింట్ నాలుగు దేనికిరా? అందులో సగం కూడా లేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి నేనే తీసిపారేశా."

బల్బుకి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. "మీ లైటుకి ఐదు ఎక్కదండీ! దానికి తెలిసిందే ఆ రెండు పాయింట్ నాలుగు. ఐదు వేగమే, కాదనను. గోడలు అడ్డమొస్తే నీరసపడిపోతుంది. ఇది నిదానమే అయినా మీ రెండు గోడలూ దాటి అమ్మగారి గదిలోకి వెళ్తుంది. పెద్ద అంకె ఉంటే చిన్నది దండగని ఎవరన్నారు మీతో?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మాస్టారు, రౌటరు దగ్గర్నుంచి పక్కకి జరిగారు. బల్బు తీసేసినదాన్ని మళ్ళీ పెట్టాడు. నిమిషంలో లైటు దాన్ని అందుకుంది.

"లైటు వెయ్యి," అంది ఆవిడ. వెలిగింది. "ఆపు." ఆరింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆపింది.

"ఏమిటా ఆటలు?" అన్నారు మాస్టారు గుమ్మంలోంచి.

"నెల రోజులండీ," అంది ఆవిడ. "పిలిచి పిలిచి గొంతు పోయేది. చీకట్లో పడుకుని ఏడ్చాను కూడా. మీకు వినపడలేదు."

మాస్టారు ముందుగదిలోకి వెళ్ళి ఎర్ర పెన్ను వెతుక్కున్నారు. ఆ ఎర్రసిరాని బల్బు ఎప్పుడూ తన తప్పుల మీదే చూశాడు. చెప్పులేసుకుంటూ తలెత్తితే రౌటరుకి కాగితం అతికించి ఉంది. "రెండు పాయింట్ నాలుగు తీయరాదు" అని గుండ్రటి దస్తూరీ. దాని కింద చిన్న అక్షరాల్లో, "సరిచూసుకోనిది నేనే."