కిలో లెక్క

పులికాట్ ఒడ్డున రొయ్యలమ్మే అంకాలమ్మ, తక్కెడలో వేయకముందే అరచేత్తో ఎత్తి తూకం చెప్పేస్తుంది. పక్క దీవి నుంచి రాకెట్ ఎగిరే రోజు వేటకు పడవలు కదలకూడదంటే భర్త గంగులయ్య గొణిగేవాడు; అది దేశం పనని ఆమే సర్దిచెప్పేది. మొన్న రొయ్యలు కొనడానికి వచ్చిన రాకెట్ కేంద్రం ఇంజనీరు, ఈసారి ఎగిరేది ప్రైవేటు కంపెనీ రాకెట్ అనీ, పైదేశాల ఉపగ్రహాలను కిరాయికి మోసుకెళ్తుందనీ చెప్పాడు.

“కిరాయి ఎట్టా కడతారు?”

“కిలో లెక్కనే అక్కా. కిలోకి పది లక్షల పైమాటే.”

రొయ్యలెత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ పూట మొదటిసారి తక్కెడలో వేసి చూశాకే తూకం చెప్పింది.

మర్నాడు పడవలు ఆపమని చెప్పడానికి వచ్చిన అధికారికి కుర్చీ వేసి, మెల్లగా అడిగింది: “దేశం కోసమని ఇన్నేళ్లు ఊరికే కూర్చున్నాము సార్. బేరానికైతే మా కూలి ఎవురిస్తారు?”

అర్జీ రాద్దామని అతను పెన్ను తీశాడు. సర్కారుకు రాయాలో, కంపెనీకి రాయాలో తెలియలేదు.