తొట్టిలో మామిడి, పాప మొలతాడు

ఎనభైల మొదట్లో, నూజివీడులో మా మామగారికి బోన్సాయ్ పిచ్చి పట్టింది. పగలంతా మామిడికాయల వ్యాపారం. సాయంత్రమైతే పెరట్లో, పళ్ళెంలాంటి తొట్టిలోని జానెడు మామిడి మొక్కకి చిగుళ్ళు గిల్లుతూ కూర్చునేవారు. "మొదలు లావుగా ఉండాలమ్మాయ్, పైకెళ్ళేకొద్దీ సన్నబడాలి. ఎత్తు మాత్రం పెరగకూడదు" అనేవారు. చెట్టును ఎదగనివ్వకపోవడం కూడా ఒక విద్యేనా అని నాకు ఒళ్ళు మండేది.

మా పాపకి రెండేళ్ళు నిండాక మొలతాడు బిగుతైతే కత్తిరించి కొత్తది కట్టాను. పాతది ఎక్కడపడితే అక్కడ పడేయరు మావాళ్ళు. బిడ్డ కూడా అలా ఎదగాలని పచ్చని చెట్టుకు కడతారు. చంకలో పాప ఏడుస్తోంది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. చేతికందిన ఆ తొట్టిలో మామిడి మొదలుకే చుట్టి ముడేశాను. నా బుద్ధి గడ్డి తింది!

ఏడాది గడిచినా కొత్త మొలతాడు బిగుసుకోలేదు. ఎత్తు చూసి నిరుడు గోడ మీద బొగ్గుతో గీసిన గీతను పాప తల దాటలేదు. జబ్బేమీ లేదన్నారు డాక్టరుగారు. చెప్పులు మాత్రం రెండుసార్లు మార్చాం. పాదాలొక్కటే పెరుగుతున్నాయి.

ఎండాకాలంలో ఒకరోజు మామగారు మురిసిపోతూ పిలిచారు. "నువ్వు కట్టిన తాడు భలే పనిచేసింది, మొదలెంత లావెక్కిందో చూడు! రేపు సాయంత్రం పైన సగానికి నరికేస్తా. పక్కనించి సన్నటి చిగురొచ్చుద్ది."

వంగి చూశాను. తాడును బెరడు మింగేసింది, నల్లటి ముడి ఒక్కటే బయటుంది. దాన్ని లాగబోయాను. ఇంట్లో పాప కెవ్వుమంది.

"నరకొద్దు మావయ్యగారూ!" అన్నాను.

"చెట్టుకి నొప్పేంటమ్మాయ్" అని నవ్వారు.

మర్నాడు ఆయన కొట్టుకెళ్ళగానే పాపని అత్తగారికి అప్పజెప్పి, తొట్టితో ఆగిరిపల్లి బస్సెక్కాను. అక్కడున్న మా తోటలో గొయ్యి తీయించి, మొక్కను నాటి, రెండు బిందెల నీళ్ళు పోశాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి, కాలిపోతున్న అరుగు మీద పాప చెప్పుల్లేకుండా నిలబడి ఉంది.

"అమ్మా, కాళ్ళు చల్లగున్నాయి" అంది.

నేనెక్కడికెళ్ళానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మామగారు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. వానలు పడేసరికి పాప గోడ మీది గీతను దాటింది. ఇప్పుడు నాకంటే జానెడు పొడవు, వేరే ఊళ్ళో కాపురం. తోటలో ముసలి చెట్లు కొట్టించేద్దామని ఎవరన్నా అంటే మాత్రం, నేను ముందు పాపకి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడుగుతాను.