ఎడమ చక్రం మీద వంటిల్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను ఒంగోలుకు బదిలీ చేశారు. కాగితం మీద నా హోదా మోటారు వాహనాల తనిఖీ అధికారి. జనం నోట మాత్రం మేము ఎప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టర్లమే. బ్రేకులు తప్ప ఇంకేమీ చూడమని వాళ్ల నమ్మకం. నేను చెప్పబోయేది ఆ మరుసటి ఫిబ్రవరిలో జరిగింది. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. తనిఖీ మైదానానికి వచ్చే ప్రతి ట్రాలీ ఆటో వెంట ఇంత ఘాటు కూడా వచ్చేది. తుమ్ముతూ సంతకాలు పెట్టేవాణ్ణి.

ఒక సోమవారం వరసలో నిలబడ్డ ఒక బండిలోంచి మాత్రం శనగపిండి వేగుతున్న వాసన వచ్చింది.

అదొక పాత మినీబస్సు. కిటికీలకు పూల తెరలు, వెనక నిచ్చెన, పైన నీళ్ల గొట్టం. పర్చూరు వైపు మిర్చి రైతు వెంకట్రావు గారిది. సీట్లు పీకించి, రెండు మంచాలు, స్నానాల గది, వంటగది కట్టించి, దాన్ని నివాస వాహనంగా నమోదు చేయించుకున్నాడు. పదిహేనేళ్లు నిండిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే మేము చూసి, రోడ్డు మీద తిరగడానికి యోగ్యమని రాయాలి. ఆ మాట రాయనిదే బండి గేటు దాటి తిరగడానికి వీల్లేదు.

బండితో పాటు ముగ్గురు అక్కచెల్లెళ్లు కూడా వచ్చారు. నడిపావిడ వెంకట్రావు గారి భార్య సుశీలమ్మ. చిన్నావిడను పొన్నూరు ఇచ్చారు కనుక ఆమెను అందరూ పొన్నూరు చెల్లి అనే పిలిచారు. పెద్దావిడ అన్నపూర్ణమ్మ గారికి డెబ్బై దాటాయి. ముగ్గురూ కలిసి ఉంటే మైదానంలో వేరే హారన్ అక్కర్లేదు. తనిఖీకి వచ్చేటప్పుడు బండిలో బజ్జీలు వేయకూడదని ఏ నిబంధనలోనూ లేదు కానీ, అంతవరకు ఆ అవసరం ఎవరికీ రాలేదు. పొయ్యి ఆర్పమన్నాను. ఈ వాయి తీసి ఆర్పేస్తామన్నారు.

వాళ్ల తొందర ఏమిటో అన్నపూర్ణమ్మ గారే చెప్పారు. ఆమెకు కంట్లో నీటి ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఈ ఏడాది గడిస్తే ఎంత మిగులుతుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. పుట్టింది, పెరిగింది, మెట్టింది అంతా చదును నేల మీదే. ఎటు చూసినా పత్తిచేలు, మిరపచేలు. ఆమెకు అరకు కొండలు చూడాలని ఉంది. లాడ్జీలో తెలియని మెట్లు, తెలియని గడపలు ఆమెకు కుదరవు. అందుకే మరిది ఇంటికే చక్రాలు బిగించాడు. బుధవారం తెల్లవారి ప్రయాణం.

“కళ్లుండగా కొండలు చూసొచ్చేస్తే, ఆ తర్వాత తీరిగ్గా మూసుకుంటాను నాయనా. నువ్వు కాస్త సంతకం గిలికెయ్,” అంది. చెల్లెళ్లిద్దరూ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ తనిఖీ అధికారి బండి కిందికి వెళ్లాక నవ్వడం మంచిది, పైన నవ్వితే అలుసైపోతాం. వెంటనే కిందికి దూరాను.

దీపాలు, స్టీరింగు, బ్రేకులు బాగానే ఉన్నాయి. తర్వాత చక్రాలు. ప్రతి చక్రం నడుమ హబ్బులో రెండు బేరింగులుంటాయి. ఉక్కు రోలర్లను చుట్టూ పేర్చిన కడియాలవి. బండి బరువంతా వాటి మీదే కూర్చుంటుంది, చక్రం తిరిగేదీ వాటి మీదే. జాకీ వేసి చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు, మా భాషలో ఆట, ఉందో లేదో తెలుస్తుంది. వెనక జంట టైర్లు బరువు కనుక టైరు కింద గడ్డపార పెట్టి ఎత్తి చూస్తాం. ఆ తర్వాత చేత్తో తిప్పి చెవి పెడతాం. కుడి వెనక చక్రం మాటా పలుకూ లేకుండా తిరిగింది. ఎడమ వెనకది పిండిమరలా గుర్రుమంది. హబ్బు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను, అంత వేడి.

ఆ బేరింగు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పట్టేసిందంటే చక్రం హబ్బుతో సహా ఊడిపోవచ్చు. మామూలు రోడ్డు మీద చక్రం పొలంలోకి పోతుంది. అరకు దారిలో అది పోయే చోటికి బండి కూడా వెంట వెళుతుంది. బండి యోగ్యం కాదని చెప్పాను.

వెంకట్రావు గారు నిర్ఘాంతపోయాడు. “అది కొత్తదేనండీ! దసరాకి మార్పించా. మళ్లీ దీపావళికి మార్పించా. పండక్కి కూడా మార్చాం, కావాలంటే మస్తాన్‌ని అడగండి!” మస్తాన్ వాళ్ల మెకానిక్, పర్చూరు నుంచి బండి వెంటే వచ్చాడు. అవునని తల ఊపి, మార్కెట్లో అన్నీ డూప్లికేట్లే వస్తున్నాయని వాపోయాడు. చక్రాలకు తగలేసిన డబ్బుతో మనిద్దరం విమానంలో వెళ్లొచ్చేవాళ్లమని సుశీలమ్మ గారు మొగుడికి లెక్క చెప్పింది.

నిజానికి బేరింగు సంరక్షణ పెద్ద ఖర్చు కాదు. ఏడాదికోసారి హబ్బు విప్పి, పాత గ్రీజు కడిగి, కొత్తది పట్టించి, సీలు మార్చి బిగించాలి. నివాస వాహనానికి ఇంకాస్త శ్రద్ధ కావాలి. బస్సు ఖాళీగా కూడా తిరుగుతుంది, ఇల్లు మాత్రం ఎప్పుడూ సామానుతోనే ఉంటుంది. పైగా నెలల తరబడి కదలకుండా నిలబడితే లోపల చెమ్మ చేరుతుంది. అదంతా సరే. ఆ లెక్కన నాలుగు చక్రాలూ పాడవ్వాలి. మూడుసార్లూ ఒక్క చక్రమే ఎందుకు పోయింది? కుడి వైపుది బస్సుగా ఉన్ననాటి బేరింగేనట. డూప్లికేట్ సరుక్కి ఎడమ చక్రం మీదే పగ ఎందుకుంటుంది?

బరువు మీద అనుమానం వస్తే బండిని కాటాకు పంపే అధికారం మాకుంది. దగ్గర్లో పత్తి మిల్లు కాటా ఉంది. నేనూ వెంట వెళ్లాను. ముందు మొత్తం బండిని తూచాం. ఆ తర్వాత ఎడమ చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి, కుడివి బయట నేల మీద ఉండేలా నిలపమన్నాను. సగం బండిని తూచడం ఏమిటని కాటా గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. బండికొచ్చిన రోగం అలాంటిదని చెప్పాను.

అక్కచెల్లెళ్లు దిగేది లేదన్నారు. ప్రయాణంలో మేమూ ఉంటాం కదా, మమ్మల్నీ తూచండి అన్నారు. మాటలో న్యాయం ఉంది. “అయితే ముగ్గురూ కుడివైపుకి జరగండమ్మా,” అన్నాను. జరిగారు. అంకె కొంచెం తగ్గింది. ఎడమకు రమ్మన్నాను. పెరిగింది. ఎవరు జరిగితే ఎంత పెరిగిందో గుమాస్తా పైకి చదవబోతే పొన్నూరు చెల్లి కిటికీలోంచి కేకేసింది. “ఏమయ్యోయ్, నోరు తెరిచావంటే నీ మిల్లు దూది మొత్తం నీ నోట్లో కుక్కుతా!” హమాలీలు బేళ్లు దించేసి, బేళ్ల మీదే కూలబడి నవ్వారు. అప్పటికి నేను పైనే నవ్వేస్తున్నాను. హోదా సంగతి మర్చిపోయాను.

కానీ అక్కచెల్లెళ్లు ఎటు జరిగినా ఎడమవైపు బరువు కుడివైపు కంటే చాలా ఎక్కువే చూపించింది. లోపల చూడటం తనిఖీలో చివరి అంశం. అప్పుడు ఎక్కాను. ఎడమవైపు పొడవునా వంటగట్టు. గుడ్డ తొలగిస్తే నల్లగా, అద్దంలా మెరుస్తూ గ్రానైటు పలక. పలక కింద రాతి నిలువులు, పక్కన రుబ్బురోలు, నీళ్ల ట్యాంకు, గ్యాస్ బండ, ఊరగాయ జాడీలు. కుడివైపు ఏముందంటే ఒక మంచం, దాని మీద దిండ్లు. నమోదు నాటికి ఉన్నది రేకు గట్టేనట, రాయి ఆ తర్వాత వచ్చింది.

“ఇంత గ్రానైటు దొరికే ఒంగోలు పక్కన ఉండి రేకు మీద వండుకుంటామాండీ? నవ్వరూ?” అన్నాడు వెంకట్రావు గారు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అన్నపూర్ణమ్మ గారింట్లో ఉన్న గట్టు కొలతలు తీసుకుని, అదే రాయి, అదే ఎత్తు, ఏ జాడీ ఎక్కడుండాలో అక్కడే పెట్టించాడు. వదిన గారికి చూపు ఆనకపోయినా చెయ్యి తడిమి వంట చేసుకోగలగాలని. ప్రేమకు బరువు ఉండదని ఎవరన్నారో గానీ, వాళ్లు ఆ కాటా చూడలేదు.

ఆయన ముఖం చిన్నబోయింది. రాయి తీసేస్తే వదిన కోసం చేసిందంతా వృథా, ఉంచితే ప్రయాణమే లేదు. అన్నపూర్ణమ్మ గారు గట్టు మీద రెండు అరచేతులూ ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నిమిరింది.

“ఏం మరిదీ,” అంది, “నేను వెళ్లేది కొండలు చూడ్డానికా, అట్లు పొయ్యడానికా? పీకెయ్ బాబూ మస్తానూ!”

హమాలీలు పెళ్లిపల్లకీ మోసినంత సంబరంగా ఆ పలకను దించారు. రుబ్బురోలు మాత్రం అక్కచెల్లెళ్లే దొర్లించారు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రాతి ఎత్తులోనే చెక్క గట్టు కట్టించి, ట్యాంకును బండి నడిమికి మార్చమన్నాను. మస్తాన్ ఈసారి కొత్త బేరింగు వేస్తూ హబ్బును కూడా పరీక్షించి బిగించాడు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కొద్దిగా వెనక్కి వదిలి, తాళం వాషరు మడవాలి. మరీ బిగిస్తే కాలుతుంది, వదులైతే కొట్టుకుంటుంది. మంగళవారం సాయంత్రం మళ్లీ జాకీ వేశాను. ఎడమ చక్రం కుడిదానిలాగే నోరు మూసుకుని తిరిగింది. కాటా మీద రెండు వైపులూ దాదాపు సరిపోయాయి. యోగ్యమని రాసి సంతకం పెట్టాను. బజ్జీలు తినలేదు. వాసన మాత్రం పీల్చాను, అది లంచం కిందికి రాదు.

మరుసటి ఏడాది వెంకట్రావు గారు ట్రాక్టరు పని మీద వచ్చి కనిపించాడు. బేరింగు అదేనట, గ్రీజు తప్ప ఖర్చు లేదట. అన్నపూర్ణమ్మ గారు కొండల్లో ఎనిమిది రోజులు ఉండి, మంచు దిగే వేళ రోజూ బండి మెట్టు మీదే కూర్చుందట. ఆ వర్షాకాలంలో ఆమె చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు ఆ బండిలో, ఆ చెక్క గట్టు దగ్గర, తడుముకుంటూ అట్లు పోస్తోందట. పక్కనే కొండ ఉన్నట్టు, అది ఎలా ఉందో చెల్లెళ్లకు తనే చెబుతుందట.

మా వృత్తిలో బండిని ఆపడం నిమిషం పని. ఎందుకు ఆపామో కనుక్కునేదాకా వదలకుండా ఉండటం అసలు పని. మొదటిది మాత్రమే చేసి ఆ సోమవారం నేను ఇంటికి వెళ్లిపోయి ఉంటే, వాళ్లు నాలుగో బేరింగు కొనుక్కుని ఇంకో ఊళ్లో తనిఖీ చేయించుకుని, ఆ రాతి బరువుతోనే ఆ కొండ ఎక్కేవారు.