అక్కకు బాకీ పడ్డ అడుగులు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. రెండెకరాల నలభై సెంట్ల మిరప చేను ఒకటి. అందులో మాది ఒక్క సెంటు కూడా కాదు, ఇరవై రెండేళ్లు కౌలుకు చేశాం. దాని గట్ల మీద వేపచెట్లు మూడు, తుమ్మచెట్టు ఒకటి. రేకుల కప్పున్న మోటారు గది ఒకటి. చేను అంచున మా అక్క నాటిన బంతి మొక్కలు నలభై నాలుగు. అక్క మాత్రం నలభై ఆరంటుంది. తొమ్మిది రోజులు. ఆ పైన తొమ్మిది వందల నాలుగు అడుగులు. అడుగులంటే టేపు మీద అడుగులు కావు, కాలి అడుగులు.

చేనూ చెట్లూ ఎటూ పోవాల్సినవే, వాటికి నేను చేయగలిగింది లేదు. ఆ తొమ్మిది రోజులూ, ఆ అడుగులూ మాత్రం చేతులారా నేను పోగొట్టినవి.

మాది నల్లపాడు దాటాక వచ్చే పల్లె. నా చదువు పదో తరగతితో ఆగింది. భూమి కొలవడం నాకెవరూ నేర్పలేదు, నా అంతట నేనే పట్టుకున్నాను. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు వంకర చెక్క ఎన్ని సెంట్లుందో తేల్చడానికి నన్ను పిలుస్తారు. టేపు అందకపోతే నడిచి కొలుస్తాను. మామూలు నడకలో నా అడుగు ఇరవై ఏడు అంగుళాలు. నడుస్తూ లెక్కపెట్టకుండా ఉండటం నాకు చేతకాదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. బావ పోయాక మా ఇంటికే వచ్చేసింది. కౌలు చేను ఇద్దరం కలిసి చేశాం. నిజం రాయాలంటే నీళ్లు, మందులు, లెక్కలు నావి. మిగతా పనంతా ఆమెదీ, ఆమెతో వచ్చే కూలీలదీ. రెండేళ్ల కిందట ఆమెకు కళ్లు తిరగడం మొదలైంది. బ్రాడీపేటలో చూపిస్తే చెవి లోపలి తూకం చెడిందన్నారు డాక్టరుగారు. ఆమె కదలకుండా కూర్చున్నా గోడలు కదులుతాయట. ఆటో ఎక్కిస్తే రెండు గతుకులకే వాంతి. మంచం నుంచి వరండా దాకా గోడ పట్టుకుని పంతొమ్మిది అడుగులు, ఆమె తిరిగేది అంతే.

ఈ సంవత్సరం చేను ప్లాట్లు వేసేవాళ్లకు అమ్మేశానని ఆసామి కబురు చేశాడు. ఆఖరి కోత అయ్యాక నేల చదును చేసే మిషను దింపుతారట. ఆ సాయంత్రం అక్క నన్ను పిలిచింది.

"ఒక్కసారి చూడాలిరా. మన గుమ్మం కాడ నుంచి మోటారు గది దాకా. మధ్యలో ఏదీ వదలకుండా."

"మంచం మీద మోయిస్తానక్కా."

"నేనేమన్నా శవాన్నా?"

అందుకని ఫోనుతో వీడియో తీసుకొచ్చాను. నలభై సెకన్లు చూసి పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుంటూ, "చేను చూపించమంటే రంగులరాట్నం ఎక్కించావేందిరా!" అంది. అప్పుడు గమనించాను. నా ప్రతి అడుగుకీ బొమ్మలో ఆకాశం ఎగిరి పడుతోంది. నాకు బాగానే ఉంది. ఆమెకు ఒక తిరుగుడు మీద ఇంకో తిరుగుడు.

ఊళ్లో పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాళ్లను అడిగితే గింబల్ కొనమన్నారు. బ్రాడీపేటలో కెమెరాల కొట్టుకు వెళ్లాను. చేతికర్ర పిడిలాంటి దాని మీద మూడు చిన్న మోటార్లు, ఫోనుకు ఒక పట్టు. చెయ్యి ఎటు వణికినా మోటార్లు దానికి ఎదురు తిరిగి ఫోనును నిలకడగా ఉంచుతాయి.

"పెళ్లిళ్లు తీస్తారాండీ?" అన్నాడు కొట్టతను.

"కాదండీ. మా అక్కకు మిరప చేను చూపించాలి."

అతను నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. "ఆన్ చెయ్యక ముందే ఫోను తనంతట తను నిలబడాలండీ. వంకరగా బిగించి ఆన్ చేశారంటే మోటార్లు దాన్ని మోయలేక అలిసిపోతాయి. ఇంకోటి. పక్కలకి ఊగేది ఇది చూసుకుంటది. పైకీ కిందికీ ఎగిరేది మాత్రం మీ మోకాళ్లే చూసుకోవాలి. వంచి నడవండి."

ఇంటికొచ్చి డాబా మీద సాధన మొదలుపెట్టాను. కుడి చేతిలో గింబల్, ఎడమ చేతిలో అంచుదాకా నీళ్లు పోసిన స్టీలు గ్లాసు. నలభై అడుగులు నడిచి ఎన్ని నీళ్లు ఒలికాయో చూసేవాణ్ణి. మొదటి రోజు సగం గ్లాసు. నాలుగో రోజుకు మూడు వేళ్ల మందం. మోకాళ్లు వంచి, మడమ ముందు ఆనించి, వేళ్ల మీదికి జారితే అడుగు ఇరవై అంగుళాలకు తగ్గింది. సెకనుకు ఒక అడుగు చొప్పున కుదుర్చుకున్నాను. పొద్దున చల్లటి పూట తూర్పు నుంచి గాలి వచ్చేది, కళ్లాల్లో ఆరబోసిన కాయల ఘాటు దానితో పాటు వచ్చేది. తుమ్మొస్తే ఆగి, మళ్లీ ఒకటి నుంచి లెక్క.

కింద నుంచి అక్క అరిచింది. "తొమ్మిది రోజుల్నించీ డాబా మీదే తిరుగుతున్నావు. చేలో డాబా ఎక్కడుందిరా?"

"రేపు తీస్తానక్కా. ఇంకా వేలు మందం ఒలుకుతోంది."

"నీ నీళ్లు ఒలక్కుండా అయ్యేసరికి చేను ఒలికిపోద్ది."

మిషను శనివారం వస్తుందని తెలిసింది. నేను బుధవారం నడిచాను. అన్నం తిని మళ్లీ చేనుకు పోయే వేళ కావాలంది అక్క. అందుకని మధ్యాహ్నం రెండున్నరకు గుమ్మం దిగాను. ముందురోజు నడిచి లెక్కేసుకున్నది రెండు వేల మూడు వందల పదహారు అడుగులు.

ఆ నడక ఇప్పటికీ నాకు నిద్రలో జరిగినట్టే ఉంటుంది. ఎండకు దారి మీద గాలి నీళ్లలా కదులుతోంది. చేతిలో ఏ బరువూ లేదు. మెలకువగా ఉన్న మనిషికి తన ఒళ్లు తెలుస్తుంది గదా, నాకు అదీ తెలియలేదు. మోకాళ్ల మీద ఏదో నన్ను తీసుకుపోతోంది. ఏరకుండా వదిలేసిన పత్తి దారి పక్కన ముళ్లకు పట్టుకుని తెల్లగా ఊగుతోంది. కళ్లాల్లో పరిచిన ఎరుపు మీద నా నీడ ఎక్కి, దిగింది. కళ్లం దగ్గర గోతాలు కుట్టుకుంటున్న ఒక రైతు నన్ను చూశాడు.

"ఏరా లెక్కలోడా, నడుం పట్టేసిందా? బాతు నడిచినట్టు నడుస్తన్నావు!"

"పలకరించమాక బాబాయ్, లెక్క పోద్ది."

"పోతే పోనీరా, ఎవడు కట్టాలంట?" అని వెనక నుంచి నవ్వాడు. ఏడు వందల యాభై మూడు, ఏడు వందల యాభై నాలుగు. నేను తల తిప్పలేదు. చూపు కాళ్ల ముందు నేల మీద, మనసు అంకె మీద. తూము దాటాను, గట్టు ఎక్కాను, వేపల నీడ కిందుగా వెళ్లాను, చేలో దిగాను. మోటారు గది తలుపు తాకేసరికి రెండు వేల మూడు వందల పదహారు. ఒక్క అడుగు ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. అంత సంతోషం నాకు ఏ భూమి కొలిచినా కలగలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క మాత్ర వేసుకుని పడుకుంది. ముందు ఆమే చూడాలని నేను తెరిచి చూడలేదు. మర్నాడు పొద్దున ఫోనును టీవీకి కలిపాను. అక్క గోడకు తల ఆనించి కూర్చుంది. తెర మీద మా గుమ్మం వెనక్కి పోయింది, వీధి జరిగింది, కళ్లాలు జరిగాయి. ఆమె గోడను పట్టుకోలేదు. ఒక చెయ్యి మెల్లగా ఒళ్లోకి జారింది.

"నడిచినట్టు లేదురా. పడవెక్కి పోతన్నట్టుంది. ఊగట్లేదు."

"తల తిరుగుతోందా?"

"మాట్లాడమాక."

తూము వచ్చింది. ఆ పక్కన ఒరిగిన తాటిచెట్టు వచ్చింది. బొమ్మ అక్కడ ఆగిపోయింది. ఇరవై మూడు నిమిషాల ముప్పై రెండు సెకన్లు. అంటే పద్నాలుగు వందల పన్నెండు అడుగులు. ఎండకు ఫోను వేడెక్కి కెమెరా దానంతట అది ఆగిపోయిందని తర్వాత తెలిసింది. తెర మీద ఆ మాట రాసే ఉంటుంది. నేను తెర చూడలేదు, కాళ్లు చూసుకున్నాను. మిగతా తొమ్మిది వందల నాలుగు అడుగులూ ఆరిపోయిన ఫోనును అంత నిలకడగా, అంత జాగ్రత్తగా మోసుకెళ్లాను.

మిగతాది తీసుకొద్దామని ఫోను గింబల్‌కు బిగించుకుని బండి మీద పరిగెత్తాను. తూము దాటకముందే ఇంజను చప్పుడు వినిపించింది. వేపలు మూడూ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. గట్టు లేదు. మిరప సాళ్లు లేవు. ఎన్నడూ కనపడని రైలు కట్ట అక్కడ నుంచి నేరుగా కనపడింది.

"శనివారం అన్నారు గదా!" అని అరిచాను.

మిషను మీద నుంచి డ్రైవరు వంగాడు. "అవతల పని తొందరగా తెమిలిందన్నా. ముందే వచ్చేశాం. కొంచెం పక్కకి జరుగు."

జరిగాను. చేతిలో గింబల్ ఉంది. అలవాటుగా ఆన్ చేశాను. తెర మీద ఎర్రమట్టి చదునుగా, ఏ కుదుపూ లేకుండా కనిపించింది. తీయకుండానే ఆపేశాను.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. "ఎన్ని పోయినయ్యి?" అని అడిగింది.

"తొమ్మిది వందల నాలుగు."

"అయితే నాకు అంత బాకీ నువ్వు."

అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆ బాకీ తీరుస్తున్నాం. టీవీలో ఆ తాటిచెట్టు దగ్గర బొమ్మ ఆపి ఉంచుతాను. అక్క కళ్లు మూసుకుని అక్కడ నుంచి ముందుకు చెబుతుంది. నేను గదిలో మోకాళ్లు వంచి, ఆమె చెప్పినంత మేర నడుస్తాను. కుడి పక్కన ఏముందో, ఎడమ పక్కన ఏముందో చెప్పగలిగితేనే ఆ అడుగు చెల్లు. ఆ షరతు నేనే పెట్టాను.

"ఇక్కడ గట్టు సన్నం. ఎడం కాలు ముందెయ్యి. కుడి పక్క పిల్లకాలవ, నాచు వాసన."

"ఎడమ పక్కన పత్తి."

"పత్తి కాదురా, పొగాకు. పత్తి వేసింది అంతకుముందు ఏడు. లెక్కలు తప్ప నీకేం గుర్తుంటయ్యి?"

ఒక రోజు అరవై అడుగులు చెల్లేవి. ఒక రోజు ఆరు. వేపల దగ్గర నాలుగు రోజులు ఆగాం, అక్కడ ఆమెకు అంత గుర్తుంది. ఆ కాసేపు తల తిరగదని అంటుంది. నిజమో, నా కోసం అంటుందో తెలియదు. బయట వానలు పట్టేసరికి ఆరు వందల పన్నెండు అడుగులు చెల్లిపోయాయి. మేం చేలో దిగాం.

అక్కడ అక్క ఆగిపోయింది. "చెప్పక్కా. కుడి పక్కన?" అన్నాను.

"మిరప మొక్క."

"ఎడమ పక్కన?"

"మిరప మొక్కే."

"ఇంకా? మధ్యలో నిలబడి చూస్తే ఏం కనపడేది?"

కళ్లు తెరిచింది. "నిలబడింది ఎప్పుడురా? సాలు పట్టానంటే ఆ చివరకు పోయేదాకా నడుం ఎత్తింది లేదు. కాయ కనపడేది, నా చేతులు కనపడేయి. ఇరవై రెండేళ్లు అంతే చూశాను. అందుకే గదా నిన్ను తీసుకురమ్మంది."

నేను చెబుదామని చూశాను. సాలుకూ సాలుకూ మధ్య దూరం తెలుసు. మొక్కల లెక్క తెలుసు. ఎన్ని సాళ్లో తెలుసు. అవన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అది కొలతరా," అంది. ఆ బుధవారం ఆ చేలోంచి నడిచినప్పుడు నేను కూడా తల ఎత్తలేదు.

కొన్ని మధ్యాహ్నాలు ఇప్పటికీ టీవీ పెట్టమంటుంది. తాటిచెట్టు దాకా చూస్తాం, గట్టు మీద ఆమె చెబుతుంది, నేను నడుస్తాను, చేను అంచుకు వచ్చి నిలబడతాను. "ఇంకెన్ని?" అంటుంది. రెండు వందల తొంభై రెండు అంటాను.