మెడకు పెట్టిన గంజి

నగరిలో ఏ నేతగాడూ చేయని ఘనకార్యం ఒకటి నా ముప్పైరెండో ఏట చేసి, నిండు పెళ్లిచూపుల్లో పరువు పోగొట్టుకున్నాను. చెబుతాను గానీ మా మనవళ్ల చెవిన వేయకండి. వాళ్లు నన్నింకా తెలివైనవాణ్ణనే అనుకుంటున్నారు.

అవి యుద్ధం రోజులు. విషజ్వరం వచ్చి, దిట్టంగా ఉండేవాణ్ణి ఎముకల గూడై లేచాను. ఒళ్లంతా తగ్గింది గానీ మెడ తోలు తగ్గలేదు. గడ్డం కింద ఎద్దు గంగడోలులా వేలాడేది. రెండు సంబంధాలవాళ్లు వచ్చి, నా మెడ చూసి, "అబ్బాయికి వయసెంతప్పా?" అని అడిగి వెళ్లి, మళ్లీ కబురే పంపలేదు. మూడోది పుత్తూరు సంబంధం. ఇదీ తప్పితే ఇక వెతకనని అమ్మ తేల్చి చెప్పేసింది.

ఆముదం రాశాను. పసుపు పట్టించాను. తువ్వాలు బిగించి పడుకున్నాను. ఏం చేసినా ఆ సంచి వేలెడు కూడా పైకి లేవలేదు. పుత్తూరు వెళ్లే రోజు పొద్దున వీధిలో పడుగు నూలుకు గంజి పెడుతుంటే నా బుర్ర వెలిగింది. వదులు నూలును బిర్రుగా నిలబెట్టే గంజి వదులు తోలును నిలబెట్టదా? బియ్యం దొరకడమే గగనమైన రోజుల్లో ఒక ముంతెడు గంజి కాజేశాను. పడుగు గంజిలో చివర నూనె కలుపుతాం. అది కలిస్తే మెడ జిడ్డుగా మెరుస్తుందని కలపకముందే తీసుకున్నాను. తోలు పైకి లాగి, మూడు పూతలు పూసి, గడ్డం ఆకాశానికెత్తి ఎండలో నిలబడ్డాను. మెడ మద్దెలలా బిగిసింది!

రైల్లో అమ్మకు అనుమానం వచ్చింది.

"ఏమిరా, మెడ అట్ట నిక్కించుకోని కూసున్నావు?"

"పెద్దమనిషి మాదిరి ఉండమంటివి గదమ్మా."

"పెద్దమనిషి మాదిరి ఉండమంటే గడకర్ర మాదిరి ఉంటావా?"

అసలు చిక్కు పుత్తూరులో తెలిసింది. తల వంచబోతే నడుము వంగుతోంది. పిల్ల మురుకుల పళ్లెం తెచ్చి ఎదురుగా పెట్టింది. నాకు ఇంటి దూలం తప్ప ఏమీ కనిపించలేదు.

"పిల్లను సూడప్పా" అన్నాడు ఆమె తండ్రి.

"సూస్తానే ఉండానండీ" అన్నాను దూలంతో.

పాపం, ఆయనకు జాలేసింది. "మెడ ఇరిగిందా అప్పా? ముందే సెప్పకూడదా? మా పుత్తూరు కట్టంటే యాడాడి నుంచో వస్తారు జనం. ఉండు, కట్టేవాళ్లను పిలిపిస్తా."

"వద్దండీ, వద్దు!" అని అరిచాను.

ఫట్‌మని గంజి పగిలింది. పెచ్చులు పెచ్చులుగా ఊడి మురుకుల మీద రాలింది. గంగడోలు కిందికి దిగి, అందరూ చూస్తుండగా రెండుసార్లు ఊగి ఆగింది. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

పిల్ల ఒక పెచ్చు తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"నాయనా, ఇది పడుగుకు పెట్టే గంజి." నా వైపు తిరిగింది. "నూనె కలపలేదా?"

"లేదు."

"మీరు నేసేవాళ్లేనా? నూనె లేకుండా పెడితే పగలక ఏమైతాది?"

ఇక ఈ సంబంధమూ పోయిందని లేవబోయాను. అప్పుడామె నవ్వు ఆపుకుంటూ అంది: "ఒప్పుకో నాయనా. మెడదేముండాది? ఈయప్పను గంజికుండ కాడికి రానీకుండా నేను సూసుకుంటా."

నలభై ఏళ్లుగా చూసుకుంటూనే ఉంది. కనుక నా మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంట్లో ఏది ఎంత వేలాడినా గంజి పెట్టను. ఒకవేళ పెడితే, నూనె మాత్రం మరువను.